చాప కింద రూతా

పొద్దు పొడవకముందే రూతా వచ్చి లియాంగ్ దుకాణం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నెత్తి మీదుగా సన్నటి అల్లికతో నేసిన పెద్ద చాప కప్పుకుంది.

తప్పు చేసిన ఇంటివాళ్లు అలాగే కూర్చోవాలి. ఎదుటివాళ్లు బయటికొచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే అలా కూర్చోవడమే. సమోవాలో తాతల నాటి నుంచీ ఇంతే.

కాకపోతే అది ఇంటిల్లిపాదీ చేసే పని. ఇరవై ముప్పై మంది ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటారు. రూతా పక్కన ఎవరూ లేరు. ఉన్నది ఆ ఒక్క చాపే. మిగతా చాపలన్నీ పోయిన నెలలో ఇంటికొచ్చినవాళ్లకి ఆనవాయితీ ప్రకారం ఇచ్చేసింది.

తప్పు మాత్రం పెద్దదే. పోయిన ఆదివారం ఆరాధన అవగానే రూతా తమ్ముడు సామూ, ఇంకో నలుగురు బంధువులు నేరుగా ఈ దుకాణానికి వచ్చారు. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాలతోనే వచ్చారు. మరకలు పడకుండా చేతులు పైకి మడుచుకున్నారు. అద్దాలు పగలగొట్టారు. లియాంగ్ చెయ్యి విరగ్గొట్టారు. ఊరి పెద్దలు ఒక్క మాట అనలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఓడకి లియాంగ్ వెళ్లిపోతున్నాడు. మళ్లీ ఈ దీవి మొహం చూడడు. ఈలోపు అతను చాప తీయకపోతే, ఈ తప్పు రూతా చచ్చేదాకా ఆమె నెత్తి మీదే ఉండిపోతుంది.

చాప అంచు కింద జానెడు నేల కనిపిస్తోంది. చీమలు, గాజు పెంకులు, వచ్చీపోయేవాళ్ల పాదాలు.

నీళ్లకి వెళ్లే ఇద్దరు ఆడవాళ్లు ఆగారు.

“ఆ చైనావాడికి మన చాప విలువేం తెలుసే? కాళ్లు తుడుచుకునే పట్టా అనుకుంటాడు.”

“ఎవరో ఎండకి ముసుగుతన్ని పడుకున్నారనుకుంటాడు!”

ఇద్దరూ పకపకా నవ్వారు. ఒకామె వంగి చాప కిందకి చూసింది. “అయ్యో, రూతా!” అంది. నవ్వు తెగిపోయింది. నాలుగు పాదాలూ చప్పుడు చేయకుండా జరుక్కుంటూ వెళ్లిపోయాయి.

తర్వాత రబ్బరు చెప్పులు వచ్చాయి. తమ్ముడి భార్య తీనా.

“వదినా, లే. ఆయన ఇంట్లో చిందులు తొక్కుతున్నాడు. మా అక్క నా మొహాన పేడ కొట్టిందంటున్నాడు.”

“వచ్చి నా పక్కన కూర్చోమను. కడిగేసుకోవచ్చు.”

“చచ్చినా రాడు. అయినా ఎవడి కోసం వదినా ఇదంతా? వాడు మనవాడా?”

“దేవుడు ఆ లెక్కన పుట్టించలేదు తీనా.”

తీనా వెనుదిరిగింది. వెళ్తూ వెళ్తూ నోరు కొట్టిన కొబ్బరి బోండాం ఒకటి చాప పక్కన పెట్టింది. రూతా దాన్ని ముట్టుకోలేదు.

ఎండ నడినెత్తికి వస్తుండగా నల్ల చెప్పులు వచ్చి నిలబడ్డాయి. పాస్టరుగారు.

“అమ్మా రూతా, ఇంటి పెద్ద లేకుండా ఇది చెల్లదమ్మా.”

“మీరు బైబిలు వాక్యంలో చెప్పిందే చేస్తున్నానండీ.”

ఆయన మెల్లగా అన్నాడు. “ఎవరు కూర్చున్నా బాగుండేది. నువ్వు మాత్రం కాదు తల్లీ.”

ఆ మోకాళ్లు వంగుతాయేమో అని రూతా చూసింది. ఎంతసేపో చూసింది. నల్ల చెప్పులు వెనక్కి తిరిగాయి.

ఇక ఎవరూ రాలేదు. చాప లోపల ఊపిరి వేడిగా తిరిగొచ్చి మొహానికే తగులుతోంది. ప్రభువు ప్రార్థన మొదలుపెట్టింది. ‘మేము క్షమించిన ప్రకారము’ అన్న చోట ఆగింది. నెల రోజులుగా అక్కడే ఆగుతోంది.

లేచి ఇంటికి పోవచ్చు. పోతే ఒక్కదానికే చేమదుంప ఉడకేసుకోవాలి. ఎన్ని వేయాలో చేతికి ఇంకా అలవాటు కాలేదు. రోజూ ఎక్కువే పడుతున్నాయి. మిగిలినవి పందికి పోస్తోంది. దానికంటే ఈ ఎండే నయం.

లారీ చప్పుడైంది. లియాంగ్ తన బండిని షెడ్డులోనే వదిలేసి అద్దె లారీ మాట్లాడుకున్నాడు. కూలీల కాళ్లు ఆమె చుట్టూ తిరుగుతూ అట్టపెట్టెలు మోశాయి.

“ఇంకేమైనా ఉన్నాయా?” లారీ డ్రైవరు అరిచాడు.

“లేవు.” లియాంగ్ గొంతు.

“అయితే ఎక్కు. ఓడ నీ కోసం ఆగదు.”

లారీ తలుపు తెరుచుకుంది. మూసుకుంది. ఇంజను మోత పెరిగింది. రూతా కళ్లు మూసుకుంది. అయిపోయింది అనుకుంది.

ఇంజను ఆగింది.

కళ్లు తెరిచేసరికి జానెడు నేల మీద రెండు పాదాలు. చెప్పులు లేవు. వేళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

“మీరెవరో నాకు తెలీదు,” అన్నాడు లియాంగ్, వచ్చీరాని సమోవా భాషలో. “ఈ ఊళ్లో నా వాకిట్లో కూర్చునేవాళ్లెవరూ లేరు. పొద్దున్నించీ కిటికీలోంచి చూస్తున్నాను. బయటికి రావడానికి భయమేసింది.”

“మావాళ్లు నీ చెయ్యి విరగ్గొట్టారు నాయనా,” అంది రూతా చాప లోంచి. “దుకాణం పాడు చేశారు. తప్పు. మమ్మల్ని క్షమించు.”

ఆ పాదాలు ఓ అడుగు ముందుకొచ్చాయి. తర్వాత చాప అంచు వణికింది. ఒంటి చేత్తో అతను తీస్తున్నాడు. చాప బరువు. ఒక పక్క జారింది, మళ్లీ పట్టుకుని తీశాడు. వెలుతురు ఒక్కసారిగా కళ్లలో పడింది.

లియాంగ్ ఆమె మొహం చూశాడు. చాప అతని చేతిలోంచి జారిపోయింది. కట్టు కట్టిన చేత్తోనే ఆ గాజు పెంకుల మీద కూలబడ్డాడు.

“అమ్మా... మీ పాపని తొక్కి చంపింది నా బండే కదా!”