ఉబ్బిన తలుపు

కాకినాడలో ఇప్పుడు ఇళ్లన్నీ పీవీసీ ప్లాస్టిక్‌వే. గోడలకు చెమ్మ ఎక్కదు, గుమ్మాలకు చెద పట్టదు, తలుపులు వేలితో తోస్తే తెరుచుకుంటాయి. అలేఖ్య వాళ్ల వీధిలో మిగిలిన ఒకే ఒక్క చెక్క తలుపు పక్కింటి వకుళది.

"వానకి తలుపు మళ్లీ ఉబ్బి బిగుసుకుపోయిందమ్మాయ్. మా ఆయన ఇవాళా డ్యూటీకి పోలేదు, పకోడీలు వేయమంటున్నారు," అని కిటికీలోంచి ఆవిడ మురిసిపోతూ చెప్పింది.

పెళ్లై నెలైనా తిరగని అలేఖ్యకు కడుపు రగిలిపోయింది. ఏ వానకూ బిగుసుకోని తలుపు ఉండి ఏం లాభం?

భర్త ప్రణీత్ చెప్పులు వేసుకుంటుంటే ఆమె తలుపుకు వీపు ఆనించి, బుగ్గలు ఉబ్బించుకుని నిలబడింది.

"జరుగు, బస్సు వెళ్లిపోతుంది."

"మనదీ ఉబ్బిందండీ."

"పీవీసీ ఉబ్బదే."

"తోసి చూసుకోండి."

ప్రణీత్ ఆమె బుగ్గను వేలితో తోసి చూశాడు. "నిజమే, బాగా ఉబ్బింది. ఇవాళ్టికి తెరుచుకోదు," అంటూ చెప్పులు విప్పేశాడు.