బోల్టు మాస్టారి గోడ

మేస్త్రీ గోడ మీద వేళ్ళతో తట్టి చూశాడు. "పెద్దాయన్ని అడిగారా?"

"అడిగాం. ఏమీ అనలేదు," అన్నాడు మేనల్లుడు.

"అనలేదంటే సరేనన్నట్టే," అని మేస్త్రీ సమ్మెట అందుకున్నాడు.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న బోల్టు మాస్టారి కళ్ళు ఆ సమ్మెట వెంటే కదిలాయి.

భవనాల డిజైన్ నేర్పే మాస్టారాయన. ఇల్లు మనిషి అవసరాన్నిబట్టి మారాలి గానీ, అవసరం మారినప్పుడల్లా ఇల్లు పగలగొట్టకూడదని జీవితమంతా చెప్పాడు. "సిమెంటు పెడితే పెళ్ళి, బోల్టు పెడితే స్నేహం. విడిపోయినా ఎవరూ విరగరు" అని క్లాసులో నవ్వించేవాడు. ఆ పేరు పిల్లలు పెట్టిందే.

తను పెళ్ళి చేసుకోలేదు గానీ, ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు మాత్రం ఓ పెద్ద సంసారానికి సరిపడా ఆలోచించాడు. ముందు గదికీ పడగ్గదికీ మధ్య ఉన్నది అసలు గోడే కాదు. అడుగున ఉన్న కొయ్యపట్టీ ఊడదీస్తే బోల్టులు కనిపిస్తాయి. అవి విప్పితే గోడ పలకలు పలకలుగా చేతికొచ్చేస్తుంది. కావాలంటే ఇంకోచోట బిగించుకోవచ్చు. పెచ్చు కూడా రాలదు.

ఆ సంగతి మేనల్లుడికి తెలియాల్సిందే. కానీ చిన్నప్పుడు మావయ్య నోట 'బోల్టు' అన్న మాట రాగానే చెప్పులేసుకుని వీధిలోకి ఉడాయించేవాడు.

ఈమధ్యే భార్యతో సహా మావయ్య ఇంట్లో దిగాడు. నిన్న కొత్త మంచం తెచ్చాడు. అది పడగ్గది గుమ్మంలో పట్టలేదు.

"ముచ్చటపడి కట్టుకున్న ఇల్లండీ. మంచం కోసం గోడ కొట్టించడమేంటి? ముందు గదిలోనే వేద్దాం," అంది భార్య.

"వచ్చేపోయేవాళ్ళందరి కళ్ళ ముందా? ఏం బాగుంటుంది?"



మాస్టారు కొయ్యపట్టీ వైపే చూస్తున్నాడు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట నాలుక దాటలేదు.

మేనల్లుడు ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "అలా ఉరిమి చూడకు మావయ్యా. నాకు మాత్రం సరదానా?"

మొదటి దెబ్బ పడింది. గది నిండా తెల్లటి దుమ్ము లేచింది. మాస్టారి కళ్ళద్దాలు మసకబారాయి. ఆయన తుడుచుకోలేదు. మేనల్లుడి భార్యే వచ్చి కళ్ళజోడు తీసి, గుడ్డతో తుడిచింది.

"కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయండీ."

"దుమ్ము పడుంటుంది," అన్నాడు మేనల్లుడు.

ఇంకో నాలుగు దెబ్బలకి మేస్త్రీ ఆగిపోయాడు. "లోపలంతా ఇనప చట్రమే. ఎవరు కట్టారో గానీ మహా మొండి గోడ."

"మావయ్యే కట్టాడు," అన్నాడు మేనల్లుడు గర్వంగా. "ఏం చేసినా గట్టిగా చేస్తాడు."

కోత మిషను వచ్చింది. నిప్పురవ్వలు చిమ్ముతూ చట్రం తెగింది. తెగిన బోల్టొకటి దొర్లుకుంటూ వచ్చి మాస్టారి పాదం దగ్గర ఆగింది. ఆయన దాని వంక చూస్తూ ఉండిపోయాడు. మేస్త్రీ దాన్ని కాలితో చెత్తకుప్పలోకి నెట్టేశాడు.

సాయంత్రానికి గోడ సంచుల్లోకెక్కి వీధిలో పడింది. మంచం లోపలికి వెళ్ళింది. భార్యాభర్తలిద్దరూ కలిసి గదులు రెండూ ఊడ్చి, తడిగుడ్డ పెట్టారు.

తర్వాత మేనల్లుడు, పక్షవాతంతో కాలూ చెయ్యీ మాటా పడిపోయిన మావయ్యని చంటిపిల్లాడిలా ఎత్తుకొచ్చి, మర తిప్పితే తలవైపు పైకి లేచే ఆ ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టాడు.