గట్టును తొలిచిన ఎండ్రకాయ

కలువలు నిండిన ఒక కొలనులో వక్రగామిని అను ఎండ్రకాయ నివసించుచుండెను. పొట్టక్రింద దాచుకొన్న తన పిల్లలు ఎదుగుచుండగా, వానికొక విశాలమైన ఇల్లు కావలెనని అది కొలనుగట్టును తొలువనారంభించెను.

అది చూచి స్థిరకుడను ముసలి తాబేలు, "తల్లీ, ఇంక లోనికి త్రవ్వకుము. గట్టుకు ఆవల అంతయు పల్లము. నీరు జారిపోయినచో వేసవిలో మనమందరము ఏమగుదుము?" అనెను.

"తాతా, ఇంటిని వీపున మోయుచు పుట్టినవాడవు, ఇల్లు కట్టుకొనువారి పాట్లు నీకేమి తెలియును? ఇంత కొలనుకు నా బొరియ ఒక లెక్కా?" అని నవ్వి ఎండ్రకాయ త్రవ్వుచునే పోయెను.

మరునాటి ఉదయమున బొరియ ఆవలివైపునకు తెరచుకొని, నీరు గలగల పారసాగెను. "మన ఇంట సెలయేరు పుట్టినది!" అని వక్రగామిని మురిసెను. పిల్లలు నీటిలోనికి దిగి ఆడసాగెను. అంతలో ప్రవాహము ఒక పిల్లను ఈడ్చుకొనిపోయెను. గట్టుక్రింద కొంగ మెడ సాచి నిలిచియుండెను.

తల్లి తటాలున దూకి, పిల్లను డెక్కతో పట్టి, తన చిప్పను రంధ్రమునకు అడ్డుపెట్టి, "తాతా, మట్టి!" అని అరచెను. స్థిరకుడు బురద త్రోయుచుండగా, ఇరువురును సాయంకాలమునకు బొరియను పూడ్చిరి.

"అమ్మా, మన ఇల్లేది?" అని పిల్లలు ఏడ్చెను.

వక్రగామిని, జానెడు తగ్గిన కొలనును చూపి, "అదిగో. ఇంతవరకు నేను తొలిచినది దానినే" అనెను.