లారిస్సాలో మేకల గంటలు

“ష్! ఆ మేకల్ని కాస్త అవతలికి తోలు!” అన్నాడు లెఫ్తెరిస్, ఫోనును అరచేత్తో మూసి.

క్రిసాంథి తోలలేదు. అనాఫి దీవిలో కొండదారి ముందు మేకలది, తర్వాతే మనుషులది. పదిహేను మేకలు గంటలు మోగించుకుంటూ వచ్చి, సంభాషణ వినాలనుకున్నట్టు అతని చుట్టూ నిలబడ్డాయి.

“గంటలా? శిక్షణ తరగతికి విరామం గంట కొట్టారు,” అన్నాడతను ఫోనులో. “అవును, లారిస్సాలోనే. ఎండ మండిపోతోంది. తిన్నాను. తిన్నానన్నానుగా! నేనూ... నేనూ నిన్నే తలుచుకుంటున్నా. ఉంటాను.”

లెఫ్తెరిస్ అంటే స్వేచ్ఛాజీవి అని అర్థం. ఆ స్వేచ్ఛాజీవి రోజుకు మూడుసార్లు, తొమ్మిదికీ రెండింటికీ ఎనిమిదికీ, ఫోనులో హాజరు వేయించుకుంటాడు. కొండలెక్కడమంటే తనకు ప్రాణమని చెప్పి క్రిసాంథిని తీసుకొచ్చాడు. తీరా చూస్తే, నాలుగు రోజులుగా వాళ్లెక్కిన ప్రతి కొండా సిగ్నల్ దొరికే కొండే.

“విరామం గంట కూడా నమ్మిందా?” అంది క్రిసాంథి.

“నమ్మకేం? నేనెప్పుడైనా అబద్ధమాడానా?”

“ఆవిడతోనా, నాతోనా?”

లెఫ్తెరిస్‌కు ఉన్నట్టుండి దాహం వేసింది. సీసాడు నీళ్లూ తాగేసి దిగడం మొదలుపెట్టాడు.

కింద రుకునాస్ బీచ్‌లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. క్రిసాంథి తువ్వాలు పరవకుండా చెట్టునీడలో నిలబడే అంది: “కిప్సెలీలో మనం అద్దెకు చూసిన ఇల్లు. రెండు గదులు, ఓ బాల్కనీ. ఇంటివాళ్లు శుక్రవారంలోగా ఏదో ఒకటి తేల్చమన్నారు.”

“తేల్చేద్దాం.”

“ముందు ఆవిడతో తేల్చు. ఆ ఇంట్లోంచి వచ్చేస్తున్నానని, ఇకనుంచి మనిద్దరమే ఉంటామని చెప్పు. ఏడేళ్లుగా ఇదే పాట పాడుతున్నావు.”

“తనది బలహీనమైన గుండె. సమయం చూసి చెప్పాలి.”

“రోజుకు మూడుసార్లు నిన్ను ఝాడించే గుండె బలహీనమా?”

“పాపం, నేను తప్ప తనకెవరున్నారు?”

“మరి నాకెవరున్నారు?” అంది క్రిసాంథి. “నేను మా అక్క దగ్గరున్నానని అందరూ అనుకుంటున్నారు. నువ్వేమో లారిస్సాలో ఉన్నావు. ముప్ఫై తొమ్మిదేళ్లొచ్చి, నీతో కలిసి సముద్రంలో ఓ మునక వేయడానికి నేను దొంగలా రావాలి!”

“శుక్రవారం చెప్తాను,” అన్నాడు లెఫ్తెరిస్. ఏ వారం శుక్రవారమో చెప్పలేదు.

వాళ్లకు గది అద్దెకిచ్చిన అర్గిరో ఈ కేసును మొదటి రోజే తేల్చేసింది. ఆమె లెక్క ప్రకారం పెళ్లయినవాళ్లు దారిలో చేతులు పట్టుకోరు, ఒకరి పళ్లెంలోది ఒకరు తినరు, మొగుడు ఫోను మోగితే పెళ్లాం మొహం తిప్పుకోదు. రొట్టెల కొట్టులో ఈ తీర్పు చదివి వినిపించింది కూడా. ఊళ్లో ఎవరూ అప్పీలు చేయలేదు.

మర్నాడు పొద్దున లెఫ్తెరిస్ ఫోను వరండాలో చార్జింగుకు పెట్టి స్నానానికి వెళ్లాడు. తొమ్మిదైంది, ఫోను మోగింది. తెరమీద ‘ఇల్లు’ అని ఉంది. ధర్మం తనను పిలుస్తోందని అర్గిరోకు అర్థమైంది.

“మాట్లాడాను,” అంది తర్వాత, ఇద్దరి ముందూ కాఫీలు పెడుతూ. “అబద్ధం నా నోట రాదు బాబూ. అనాఫిలో ఉన్నాడమ్మా, పక్కన ఒకావిడ కూడా ఉందని చెప్పాను. ఏడ్చి ఏడ్చి కాబోలు, గొంతు బొంగురుపోయింది పాపం. రేపటి ఓడకొస్తోంది.”

లెఫ్తెరిస్ కాఫీ వదిలేసి లేచాడు. “ఇవాళే వెళ్లిపోదాం!”

“ఓడ రేపే. ఈదుతావా?” అంది క్రిసాంథి. “ఇదీ ఒకందుకు మంచిదే. రేవులో నా ముందే ఆవిడకు చెప్పు. చెప్పావా, కిప్సెలీ ఇంటికి వెళ్దాం. చెప్పలేదా, ఆవిడ దిగిన ఓడ నేనెక్కుతాను. మళ్లీ నా మొహం చూడవు.”

“చెప్తాను. ఒట్టు.”

ఆ రోజంతా బీచ్‌లో అటూ ఇటూ తిరుగుతూ సాధన చేశాడు. సముద్రానికి మాత్రం చాలా ధైర్యంగా చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం ఓడ వచ్చింది. ‘గదులు అద్దెకు’ అన్న అట్ట పట్టుకుని అర్గిరో అందరికంటే ముందు నిలబడింది. గదులన్నీ ఎప్పుడో నిండిపోయాయి, అది వేరే సంగతి. ఓడ తలుపు కిందికి వాలింది. లారీల మధ్య నుంచి సంచి మోసుకుంటూ ఆవిడ దిగింది.

“లారిస్సాకు సముద్రం ఎప్పుడొచ్చిందిరా?” అంది. అంతలో వెనక ఉన్న క్రిసాంథి కనబడింది. “ఎవరో అనుకున్నాను... నువ్వా!”

ఇంకెవరైనా అయ్యుంటే ఆవిడ ఇంత బాధపడేది కాదేమో.

“తెలిసినావిడతోనేనా! దేవుడా!” అని అర్గిరో గుండెలమీద సిలువ గుర్తు వేసుకుని, బాగా కనబడేలా ఇంకో అడుగు ముందుకు జరిగింది.

క్రిసాంథి లెఫ్తెరిస్‌నే చూస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు. భుజాలు నిటారుగా పెట్టాడు. చెప్పేస్తాడనే అనుకుంది. ఆ ఒక్క క్షణం ఏడేళ్ల కోపమంతా మరిచిపోయింది.

“నేను నీకో మాట... నీకు ఎండ పడదుగా, టోపీ లేకుండా వచ్చావేంటి?” అన్నాడు లెఫ్తెరిస్. “ఆ సంచి ఇలా ఇవ్వు.”

“చూడు, ఎలా చిక్కిపోయావో!” అని ఆవిడ అతని చెంప నిమిరింది. అతను నిమరనిచ్చాడు. క్రిసాంథి వైపు తిరిగి, “శుక్రవారం,” అని పెదాలు మాత్రం కదిపాడు.

క్రిసాంథి ఏడవలేదు. ఏడ్చింది చాలనిపించింది. తన సామాను వీపుకు తగిలించుకుని ఓడ వైపు నడిచి, ఆవిడ ముందు ఆగింది. జుట్లు పట్టుకుంటారని అర్గిరో ఊపిరి బిగబట్టింది.

“మీ అబ్బాయిని మీరే ఉంచుకోండి, అత్తయ్యా!”