ఐదు రంగుల లోతు

"ఎన్ని రంగులు వదిలావు?" మోటారు పిడి మీంచి చెయ్యి తియ్యకుండానే అడిగింది ఆర్డిస్.

"ఏడు," అన్నాడు ఎల్డన్.

పది గజాలకొక రంగు మారే సీసపు దారం అది. ఎన్ని రంగులు నీళ్ళలోకి వదిలితే, పడవ వెనకాల గాలం అంత లోతున ఈదుతుంది.

"ఏడా? ఈ సరస్సు అడుగున నేవీ వాళ్ళ జలాంతర్గామి తిరుగుతుంటుంది. దాన్ని పడదామనా? జులైలో కొకనీ చేప ఐదు రంగులు దాటి దిగదు. అయినా పోటీలో ఉన్నవాడివి, నీకెందుకు చెప్తున్నాను నేను?"

ఎల్డన్ చప్పుడు కాకుండా రెండు రంగులు వెనక్కి చుట్టుకున్నాడు.

పోటీ షరతులు పొద్దున రేవులోనే చెప్పేసింది ఆమె. పెండొరే సరస్సు మీద గాలి లేచేదాకా గడువు. అతను ఆమెకన్నా ఎక్కువ చేపలు పడితే ఆమె అతన్ని పెళ్ళి చేసుకుంటుంది. పట్టలేకపోతే అతను ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకూడదు.

"ఇద్దరికీ సమానమైతే?" అని అడిగాడు.

"నేను గెలిచినట్టే. పడవ నాది."

ఆమె భర్త మెర్ల్ పోయి తొమ్మిదేళ్ళు. ఆ ఏడు చర్చి విందులో, "ఇంకో మగాడి బూట్లు నా గుమ్మంలో కనపడవు," అని ఆమె అందరి ముందూ అన్న మాట రేవులో తెలియనివాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు ఆ గుమ్మంలో ఉత్తరాలు వేసిన ఎల్డన్‌కు మరీ బాగా తెలుసు. అయినా రిటైరయ్యాక నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ నవ్వి, హకల్‌బెర్రీ జామ్ సీసా చేతికిచ్చి పంపింది.

జవాబు మాట ఎలా ఉన్నా, అడగడం మీద తను బతుకుతున్నానని ఈమధ్యే అతనికి అర్థమయింది. ఈసారి ఎప్పుడు అడగాలి, ఏ చొక్కా వేసుకోవాలి అనుకుంటూ ఉంటే శీతాకాలం గడిచిపోయేది. ఓడిపోతే పోయేది ఆమె కాదు. ఆమె ఎలాగూ తనది కాదు. ఆ అనుకోవడం పోతుంది.

గెలవడమా? ఈ సరస్సులో ఆర్డిస్‌ను మించి కొకనీ పట్టినవాళ్ళే లేరు. ఎర వేసేటప్పుడు ఆమె వీపు తిప్పి కూర్చుంది. ఒళ్ళో మొక్కజొన్న గింజల డబ్బా.

"ఆ గింజలకు ఏం పట్టిస్తావు? వెల్లుల్లేనా?"

"కళ్ళు అటు తిప్పుకో. మెర్ల్‌కే చెప్పలేదు."

పడవ మళ్ళీ ఎడమకు తిరిగింది. కళ్ళలో ఎండ పడుతోందట. వంపుకు బయటవైపున్న ఎల్డన్ గాలం చేపలు ఎగబడేంత వేగం అందుకుంది, దారం బిగుసుకుంది, గాలం కర్ర కొస వణికింది. కర్ర లాక్కుని ఒక్క గుంజు గుంజాడు. బరువు పోయింది.

"పార్సిలనుకున్నావా గుంజడానికి? కొకనీ మూతి తడి కాగితం. నిద్రపోయే పిల్లను ఎత్తుకున్నట్టు చుట్టాలి. నీ చేతులకు అదెక్కడ వస్తుందిలే."

రెండోదీ అలాగే పోయింది. ఆమె కాఫీ పోసిచ్చింది.

అప్పుడు ఆమె కర్ర కొస రెండుసార్లు ఊగింది. ఇక తను ఓడినట్టే అనుకున్నాడు ఎల్డన్. ఆమె ఫ్లాస్కు మూత బిగించి, ఒళ్ళో రొట్టె పొడి దులుపుకుని, తీరిగ్గా కర్ర అందుకుంది. దారం వదులైపోయింది.

"జారిపోయింది," అంది.

తొందరపడక్కర్లేదని ఎంత నమ్మకమో, అనుకున్నాడు.

పదిన్నరకు నీళ్ళ మీద ముడతలు లేచాయి. మిగతా పడవలు రేవు దారి పట్టాయి. ఓటమి తన నోటే వస్తే మర్యాదగా ఉంటుందనిపించింది అతనికి.

"గాలి లేచింది, ఆర్డిస్."

"ఇది గాలా? మా పిల్లి తుమ్మితే ఇంతకన్నా గట్టిగా వస్తుంది. కూర్చో."

ఒక్కటైనా పట్టి పరువు దక్కించుకోవాలని పంతం కాబోలు. అలల మీద తెల్లటి నురగ కనిపించింది. ఆమె టోపీ ఎగిరి పడవ అడుగున పడింది. అయినా పడవను ఇంకోసారి ఎడమకే తిప్పింది.

ఎల్డన్ కర్ర వంగింది. ఈసారి అతను గుంజలేదు. ఊపిరి కూడా పీల్చకుండా చుట్టాడు. పడవ పక్కన వెండిలా మెరిసింది చేప. వల ఆమె చేతిలో ఉంది. దాని అంచు కాస్త మొరటుగా తగిలితే చాలు, చేప పోతుంది. ఆమె వలను కింది నుంచి పోనిచ్చి మెత్తగా పైకెత్తింది. చేతి అలవాటు, పంతం కూడా మర్చిపోయింది, అనుకున్నాడు.

"ఒకటి," అంది చేపను తిప్పి చూస్తూ. "పిల్లది. పిల్లి కూడా చిన్నబుచ్చుకుంటుంది." తర్వాత ఆకాశం వైపు చూసి, "ఇదిగో, ఇప్పుడు లేచింది గాలి," అని గబగబా తన దారం చుట్టేసి, కర్ర మీద కోటు పడేసింది.

పడవను రేవుకు తిప్పింది.

"మాటిచ్చాను, తప్పదు," అంది పడవ కడుతూ. "ఎవరైనా అడిగితే పందెం ఓడిపోయానని చెప్పు. నాకై నేను ఒప్పుకున్నానన్నావో, నీళ్ళలోకి తోసేస్తాను. బూట్లు పెరటి గుమ్మంలో విప్పు."

పడవను ఒడ్డుకు లాగడానికి ట్రక్కు తేవాలని గట్టెక్కి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడంలో ఏదో హుషారు ఉంది గానీ, ఎల్డన్ గమనించలేదు. అతనికి సంతోషం కన్నా సిగ్గుగా ఉంది. ఆమె జన్మలో ఒక్కరోజు అదృష్టం ముఖం చాటేస్తే, దాన్ని అడ్డం పెట్టుకుని తను పెళ్ళికొడుకయ్యాడు. కనీసం ఆమె సామాను సర్దిపెడదామని వంగాడు.

కోటు తీశాడు. ఇక ఆ గింజల రహస్యం తనకు తెలిసినా తప్పులేదు కదా అనుకుంటూ ఆమె దారం పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ పోయాడు. తళతళలాడే రేకు. దాని వెనక మూడు గులాబీ పూసలు. పూసలు జారిపోకుండా చివర పొందిగ్గా బిగించిన ముడి.

కొక్కెం లేదు.