చెలమల కాంట్రాక్టు

"ఈ అడవిలో ఏ గొంతూ ఎండదు, పూచీ నాది!" అని ఘీంకరిస్తుండగానే ఏనుగు భద్రయ్యకి పొడిదగ్గు వచ్చింది.

ఎండాకాలం వాగు ఇసకలో చెలమలు తవ్వి అడవికి నీళ్లందించడం ఆయన ఉద్యోగం. నడుం నొప్పని ఆ పని అడవిపందులకి కాంట్రాక్టుకిచ్చి, తను నీడన నిలబడి అజమాయిషీ చేస్తున్నాడు. ఇప్పుడు వాగు నిండా గోతులే, చుక్క నీరు లేదు.

జింక చుక్కమ్మ పిల్లని వెంటేసుకొచ్చింది. "భద్రయ్య మావా, దీని నాలుక పిడచగట్టింది. నీళ్లేవీ?"

భద్రయ్య పంది మేస్త్రీని పిలిచి కసిరాడు. "ఇవేం చెలమలయ్యా?"

"గోతులు తవ్వమన్నారు, తవ్వాం దొరా. నీళ్లు పడాలని ఎప్పుడన్నారు?" అంది పంది, దుంప నములుతూ. దుంపలు దొరికే చోటల్లా తవ్వాయవి.

"పోనీ నువ్వే తవ్వు మావా," అంది చుక్కమ్మ.

భద్రయ్య తొండం ఇసకకి ఆనించి వాసన చూశాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు. జింకపిల్ల కాళ్లు మడిచి కూలబడింది. ఇక దాచలేకపోయాడు.

"నీళ్ల వాసన పట్టడం మర్చిపోయానమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "పిల్లని నా వీపెక్కిస్తా, పక్క అడవికి పోదాం పద. నేనూ రోజూ అక్కడే తాగొస్తున్నా. అక్కడి ఏనుగు ఇంకా తనే తవ్వుతోంది."