ఆకుపచ్చ కోటాయన

"ఒక కాఫీ ఇవ్వమ్మా. ట్రెంట్ వాళ్ళమ్మ మీరేనా?"

శుక్రవారం ఆట జరుగుతున్న బడి బాస్కెట్‌బాల్ హాలు వాకిట్లో తినుబండారాలు అమ్ముతున్న రోండా తలెత్తింది. ఎదురుగా ఒక ముసలాయన. ఒంటిమీద వెదర్‌బీ అకాడమీ వాళ్ళ ఆకుపచ్చ కోటు!

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి! మిల్‌హాలో అనే ఈ ఊరి బడి, ఊళ్ళో పిల్లలతోనే బాస్కెట్‌బాల్ ఆడాలి. ఆ ప్రైవేటు అకాడమీ మాత్రం రాష్ట్రమంతా గాలించి ఏరుకుంటుంది. కిందటేడు ఫీజు లేదని ఆశపెట్టి ట్రెంట్‌ని లాక్కుపోయారు. మోకాలు దెబ్బతినగానే మొహం చాటేశారు. వాడు ఊరి బడికి తిరిగొచ్చి, కోలుకుని ఆటలో చితక్కొడుతుంటే, "ఆట కోసమే బడి మారాడు, ఆడనివ్వొద్దు" అని వాళ్ళే ఫిర్యాదు!

సోమవారం బడి ఆటల సంఘం ముందు విచారణ. అసలు ఎర వేసింది వాళ్ళేనని రుజువైతేనే ట్రెంట్ ఆడతాడు. లేదంటే, బడిలో వాడి ఆఖరి ఏడాది బూడిదే.

"ఈసారి ఎవర్ని ఎత్తుకుపోదామని వచ్చావయ్యా?"

"అది కాదమ్మా, సోమవారం గురించి ఒక్క మాట..."

"ఓహో, బెదిరింపులా! ఆ కోటు వేసుకుని మా గడప తొక్కడానికి సిగ్గులేదూ?"

"చలికి నాకున్నది ఇదొక్కటేనమ్మా."

రోండా గరిటెడు కరిగించిన వేడి చీజ్ తీసి ఆ కోటు మీద కుమ్మరించింది.

చుట్టూ జనం పడీపడీ నవ్వారు.

"డ్వేన్! ఈ పెద్దమనిషిని సాగనంపు!"

బడి బస్సు నడిపే డ్వేన్ మెడపట్టి గెంటాడు. ముసలాయన మంచులో బోర్లా పడ్డాడు. ఎగిరిపడ్డ కళ్ళజోడుని డ్వేన్ బూటుతో నలిపేశాడు.

"పిల్లల్ని వెతుక్కునే కళ్ళకి జోడెందుకులే తాతా!"

ముసలాయన తడుముకుంటూ లేచి వెళ్ళిపోయాడు.

"భలే బుద్ధి చెప్పావ్ రోండా!" అన్నారంతా. ఆమె కడుపు చల్లబడింది.

సోమవారం విచారణ గదిలో ట్రెంట్ తరఫు లాయరు మాటిమాటికీ తలుపు వైపే చూస్తున్నాడు.

"మీ సాక్షి ఏడీ?" విచారణ జరుపుతున్న అధికారి విసుక్కున్నాడు.

"మనకి సాక్షి కూడా ఉన్నాడా?" రోండా ఆశగా గుసగుసలాడింది.

లాయరు ఫోన్ చెవిన పెట్టుకుని విన్నాడు. మొహం పాలిపోయింది.

"రాడట. ముందు నిన్ను కలిసి క్షమాపణ అడుగుతానన్నాడు, అందుకే నీకు చెప్పలేదు. శుక్రవారం మీ ఊరొచ్చాడు కదా?"

"ఎవరండీ?"

"వెదర్‌బీ పాత కోచ్. మీవాడికి ఎర వేసింది మేమేనని ఒప్పుకుని, ఉద్యోగం పోగొట్టుకున్న ఒకే ఒక్క మనిషి."